గణితప్రతిరూపములు - ఉపాధివిచారము

ప్రకృతివిషయములను గణితరూపమున నిబంధించి, ఆ గణితమునుండి జరుగఁబోవుదానిని ముందుగాఁ జెప్పుట నేఁడు సర్వశాస్త్రములయందును గానవచ్చుచున్నది. వ్యాధి యెంతవఱకు వ్యాపించును, తుపాను ఏ తీరమును దాఁకును, రెండు భాషలు ఎన్ని యేండ్ల క్రిందట విడిపోయినవి అను ప్రశ్నలకు ఈ పద్ధతిచేతనే సమాధానములు వెలువడుచున్నవి. ఇట్టి గణితనిర్మాణమునకు మోడల్ అని వ్యవహారము. దీనిని తెలుఁగున నమూనా యనియుఁ బ్రతిరూపమనియుఁ జెప్పవచ్చును. ఈ వ్యాసమునఁ బ్రతిరూపశబ్దమే గ్రహింపఁబడినది.

సంఖ్యారూపమున వచ్చిన మాటకు లోకమున గౌరవ మెక్కువ. నూఱేండ్లని చెప్పినవానికంటె నూటమూఁడేండ్లని చెప్పినవానిని జనులు నమ్ముదురు. కావున బాలురకు బోధించువారును, భాషాచరిత్రమును విమర్శించువారును అట్టి సంఖ్యలను బరీక్షించు విధము నెఱుఁగుట యావశ్యకము. గణితములోని సూక్ష్మములు తెలియనివారికిఁ గూడ ఆ పరీక్ష సాధ్యమే. దానికి వలయు సాధనము మన తర్కశాస్త్రమున నున్నది. ఆ విషయమును మూఁడు శాస్త్రములనుండి తీసిన యుదాహరణములతోఁ జూపుట యీ వ్యాసమున కుద్దేశము.

ప్రతిరూపలక్షణము

పంచాంగమును జేతఁ బట్టినవారెల్లరు ఒక గణితప్రతిరూపముయొక్క ఫలమును జేతఁ బట్టినవారే. మన సిద్ధాంతగ్రంథములయందు భూమి మధ్యమున నుండఁగా గ్రహములు కక్ష్యావృత్తములపైఁ దిరుగునట్లును, గతిభేదములను దెలుపుటకు మందపరిధి, శీఘ్రపరిధి యను చిన్న వృత్తములున్నట్లును గల్పింపఁబడినది. ఆకాశమున నట్టి చిన్న వృత్తములు లేవు. ఐనను ఆ కల్పనచేతనే గ్రహణకాలములు గణింపఁబడెను. కావునఁ బ్రతిరూపము వస్తువు కాదు. వస్తువునందలి యనేకధర్మములలో మనకు వలయు కొన్ని సంబంధములను మాత్రము నిలిపి, తక్కినవానిని విడిచిన కల్పన. విడుచుట దానికి దోషము గాదు. విడువనిచో లెక్కయే సాగదు.

ఐతే ఆ కల్పన దృష్టికి లోఁబడి యుండవలయును. ఆర్యభటుఁడు 499వ సంవత్సరమును గాలనిర్దేశమునకు గ్రహించి తన గ్రంథమును రచించెను. తరువాతి శతాబ్దములలో ఆ పద్ధతివలన వచ్చిన గణితమునకును ఆకాశమునఁ గాన్పించిన దానికిని భేద మేర్పడెను. కేరళదేశీయుఁడగు పరమేశ్వరుఁడు అనేకసంవత్సరములు గ్రహణములను స్వయముగాఁ జూచి, 1431లో దృగ్గణితమను గ్రంథమున గ్రహగణితమును సంస్కరించెను. గణితమునకును దృష్టికిని విరోధము వచ్చినపుడు దృష్టియే ప్రమాణమను నీ న్యాయము ప్రతిరూపశాస్త్రమున కంతకును మూలము.

అనుమానము - ఉపాధి

ప్రతిరూప మొక విధమగు ననుమానము. పొగను జూచి కొండపై నిప్పున్నదని యూహించుటకు, పొగయున్నచోటనెల్ల నిప్పుండునను వ్యాప్తి యాధారము. దీనిని దిరుగవేసి, నిప్పున్నచోటనెల్ల పొగయుండునన్నచో నది చెల్లదు. కాఁగిన యినుపగుండునందు నిప్పున్నను పొగ లేదు. తడికట్టెతోడి సంయోగ మున్నపుడే నిప్పువలన పొగ కలుగును. వాక్యమునఁ జెప్పక లోపల దాఁగియున్న యీ నియమమునకే నైయాయికులు ఉపాధియని పేరిడిరి. ఉపాధి యున్న హేతువు అనేకస్థలముల సరిపోయినట్లు తోఁచి, యొకచోట నకస్మాత్తుగాఁ దప్పును.

గణితప్రతిరూపముయొక్క బలహీనతయు నిట్టిదే. సమీకరణమును సాధించుటలోఁ బొరపాటు వచ్చుట యరుదు. దానిని మఱియొకఁడు సరిచూచి పట్టుకొనఁగలఁడు. ఒక రాశి మాఱదని చెప్పకయే యంగీకరించుట, కొలిచిన విలువలు శుద్ధమైనవని నమ్ముట, ఒక దేశమునఁ జెల్లినది మఱియొక దేశమునఁ గూడఁ జెల్లునని తలఁచుట యనునవియే తఱచుగాఁ బ్రమాదహేతువులు. ఇవి గణితములోని తప్పులు గావు, ఉపాధులు. కావునఁ బండితుఁడు ప్రతిరూపమును జూచినపుడు మొదట నడుగవలసినది సమీకరణమును గూర్చి గాక యుపాధిని గూర్చి.

మలేరియా

ప్రథమోదాహరణమునకు సికింద్రాబాదుతో సంబంధము గలదు. 1897 ఆగస్టు 20వ తేదిని రోనాల్డు రాస్ అచ్చట దోమ యుదరమున మలేరియా పరాన్నజీవిని గనుఁగొనెను. ఆ పరిశోధనమునకు 1902లో నాయనకు నోబెలు బహుమాన మొసఁగఁబడెను. ఇది ప్రసిద్ధము. ఆయన గణితప్రతిరూపనిర్మాతయు నగుట మాత్ర మంత ప్రసిద్ధము గాదు. దోమలవలన మలేరియా వచ్చుచున్నచో దోమల నన్నిఁటిని జంపవలయుననియు, అది యసాధ్యము గనుక వ్యాధి మానదనియు నాఁడు పలువురు వాదించిరి. దానికి రాస్ 1908నాఁటి మారిషస్ నివేదికయందును, 1911లో వెలువడిన తన గ్రంథముయొక్క ద్వితీయముద్రణమందును గణితముతో సమాధానము చెప్పెను.

ఆ సమాధానముయొక్క సారమును సామాన్యగణితముతోఁ దెలిసికొనవచ్చును. ఒక రోగివలన దోమల ద్వారమున సగటున నిద్దఱకు వ్యాధి సోఁకుననుకొందము. ఒకఁడు ఇద్దఱగును, ఇద్దఱు నలుగురగుదురు, నలుగురు ఎనమండ్రగుదురు. దోమలను దగ్గించి ఆ సగటును 0.9కి దెచ్చితిమేని, వేయిమంది రోగులనుండి క్రొత్తగాఁ దొమ్మిదివందలమందికే సోఁకును. వారినుండి 810 మందికి, అటనుండి 729 మందికి. దోమలు మిగిలియున్నను వ్యాధి క్రమముగా క్షీణించును. ఈ రెండిఁటికి నడుమ ఒకటి యను సంఖ్య గడపవంటిది. సగటును ఆ గడపకు దిగువకుఁ దెచ్చిన చాలును, దోమజాతి నంతయు నిర్మూలింప నక్కఱలేదు. కేవలము లోకదృష్టిచేత తెలియరాని యీ సత్యమును లెక్క బయటపెట్టెను.

జార్జి మక్డొనాల్డు 1950 తరువాతి సంవత్సరములలో దీనిని విస్తరించెను. పరాన్నజీవి దోమయందుఁ బక్వమగుటకుఁ గొన్నిదినములు పట్టును. అవి పదిదినములనుకొందము. దోమ లొక్కొక్కదినమున నూటికిఁ దొంబది బ్రతుకుచున్నచో, పదిదినముల పిదప నూటికి 35 మిగులును. ఎనుబదియే బ్రతుకుచున్నచో నూటికి 11 మాత్రమే మిగులును. దినమరణము కొంచెము పెరిగినంతమాత్రమున వ్యాధిని మోయఁగల దోమలు మూఁడవవంతునకుఁ దగ్గినవి. ఇంటిగోడలపై మందు చల్లుటవలన నింతటి ఫలమేల కలుగునో దీనివలన స్పష్టమయ్యెను. 1955లో ప్రపంచారోగ్యసంస్థ మలేరియా నిర్మూలనోద్యమమునకుఁ బూనుకొనెను. భారతదేశమున 1947లో సుమారు ఏడున్నరకోట్లుగా నెంచఁబడిన రోగుల సంఖ్య 1965నాఁటికి లక్షప్రాంతమునకు దిగెను.

తరువాత వ్యాధి మరల విజృంభించెను. 1976లో నమోదైన రోగుల సంఖ్య అఱువదినాలుగు లక్షలు దాఁటెను. రాస్ మక్డొనాల్డుల గణితము తప్పెనా? తప్పలేదు. ఆ గణితమున దోమల దినమరణ మొక స్థిరరాశి. ఆ మందుచేఁ జచ్చు దోమలు రేపును జచ్చుననుట అందలి యుపాధి. దోమలు డి.డి.టి.కి లొంగని సంతానమును గనినవి. అంతియ గాక మందు సరఫరాలును, రోగులను వెదకు పర్యవేక్షణమును ఎడతెగక సాగునని యంగీకరింపఁబడినది, అవియుఁ గుంటుపడినవి. గడపకు దిగువనున్నంతకాలమే వ్యాధి తగ్గునని సూత్రము చెప్పియే యుండెను. ఎల్లకాలము దిగువనే యుందుమని మాత్రము సూత్రము చెప్పలేదు. అది మనుష్యులు చేర్చుకొన్న మాట.

వాతావరణము - యంత్రగణనము

ద్వితీయోదాహరణము వాయుమండలమునకు సంబంధించినది. ఇచ్చటనే కంప్యూటరుయొక్క యుపయోగము స్పష్టముగాఁ గాన్పించును. గ్రహముయొక్క తాత్కాలికగతిని గూర్చి భాస్కరాచార్యుఁడు పండ్రెండవశతాబ్దముననే విచారించెను. ఆ క్షణమునందలి వేగము తెలిసినచో మఱుక్షణమున గ్రహ మెచ్చటనుండునో చెప్పవచ్చును. వాయువుయొక్క పీడనము, ఉష్ణము, తేమ, గమనము అను వానికిఁ గూడ నిట్టి తాత్కాలికగతి సమీకరణము లున్నవి. కాని యవి యొకదానితో నొకటి పెనవైచుకొని యుండుటచే, ఒక్క సూత్రముగా సాధింప శక్యము గాదు. అందుచే ఆకాశమును గళ్లుగా విభజించి, కాలమును చిన్నభాగములుగాఁ గోసి, ప్రతిగడియందును ప్రతిభాగమునకును గూడికలు, తీసివేతలు, గుణకారములు చేయుచుఁ బోవలయును. అవిచ్ఛిన్నమగు ప్రకృతిని విడివిడి యంకములుగా మార్చి లెక్కించుటయే యంకాత్మకప్రతిరూపము.

ఇంగ్లండు దేశీయుఁడగు లూయిస్ రిచర్డ్‌సన్, ప్రథమప్రపంచయుద్ధకాలమున ఫ్రాన్సు దేశమున క్షతగాత్రులను జేరవేయు బండ్లదళమునఁ బనిచేయుచు, ఈ లెక్కను జేతితోఁ జేసెను. 1910 మే 20వ తేదినాఁటి కొలఁతలను గైకొని ఆఱుగంటల మార్పును గణించెను. వాయుపీడనము 145 మిల్లీబారులు పెరుగునని ఫలము వచ్చెను. వాస్తవమున ఆనాఁడు పీడనము దాదాపుగా మాఱలేదు. రిచర్డ్‌సన్ ఈ వైఫల్యమును దాఁపక, 1922లోఁ బ్రకటించిన తన గ్రంథమున యథాతథముగా నచ్చొత్తించెను. లోకమునంతటి వాతావరణమును దానితో సమానవేగమున లెక్కించుటకు 64,000 మంది గణకులు కావలయునని కూడ నందు వ్రాసెను.

ఆ తప్పు సమీకరణములలో లేదు. ఆరంభమునఁ గొలిచిన గాలివేగమునకును బీడనమునకును సమత్వము కుదురలేదు. ప్రకృతిలో వెంటనే సర్దుకొనిపోవు నా చిన్న యసమత్వము గణితమున మహామార్పుగాఁ బెరిగెను. తరువాతి కాలమునఁ బరిశోధకులు ఆరంభవిలువలను సవరించి మరల లెక్కింపఁగా నల్పమైన మార్పే వచ్చినది. కొలిచిన యంకములు ఉన్నవి యున్నట్లుగా లెక్కకుఁ దగియున్నవనుట ఇచ్చటి యుపాధి. తన తప్పును బ్రకటించినందుననే రిచర్డ్‌సన్ కృషి వ్యర్థము గాలేదు. వెనుకటివారికి వెదకవలసిన చోటు తెలిసినది.

1950లో చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, ఫాన్ నాయ్‌మన్ అనువారు సరళీకృతమగు సమీకరణములతో ఎనియాక్ అను యంత్రముపై వాతావరణమును గణించిరి. ఇరువదినాలుగు గంటల భవిష్యత్తును జెప్పుటకు యంత్రమునకు దాదాపు ఇరువదినాలుగు గంటలు పట్టెను. తరువాత యంత్రముల వేగము పెరిగినను మఱియొక యవధి కాన్పించెను. 1961లో ఎడ్వర్డు లోరెంజు ఒక చిన్న ప్రతిరూపమును దిరుగ నడిపించుచు, 0.506127 అనుదానికి బదులు 0.506 అని యిచ్చెను. కొంతదూరము రెండు లెక్కలును గలసి నడచి, పిదప నొకదానితో నొకటి సంబంధము లేనట్లు విడిపోయినవి. ఆయన 1963లో దీనిని సిద్ధాంతముగాఁ బ్రకటించెను. ఆరంభమునందలి యణుమాత్రభేదము కాలక్రమమున బృహద్భేదమగు చోట్ల దూరభవిష్యత్తును నిశ్చయముగాఁ జెప్ప వీలులేదు. అందుచే 1992 మొదలుకొని గొప్ప వాతావరణకేంద్రములు ఒక్క లెక్కతోఁ దృప్తినొందక, కొంచెము భేదించిన యారంభములతో ననేకగణనలు చేసి, వానిలో నెన్ని యొకదారినిఁ బోవుచున్నవో చూచుచున్నవి. అనిశ్చయమును గూడఁ గొలుచుట యీ పద్ధతిలోని విశేషము.

ఇది కేవలపాండిత్యవిషయము గాదు. 1977 నవంబరు 19వ తేదిని దివిసీమపైఁ బడిన యుప్పెన సుమారు పదివేలమందిని బలిగొన్నది. 2014 అక్టోబరు 12వ తేదిని హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును దాఁకినపుడు ఆస్తినష్టము మిక్కుటమైనను రాష్ట్రమున మృతుల సంఖ్య పదులలో నిలిచినది. రెండు తుపానులును, రెండు తీరములును నొక్కటి కావు. ఉపగ్రహములు, రేడియో, టెలిఫోనులు, ఆశ్రయభవనములు, జనులను దరలించిన యధికారుల శ్రమయు దీనికిఁ గారణములు. ఐనను దరలింపవలసిన తీరమిది, దినమిది యని ముందుగాఁ దెలియనిచో ఆ శ్రమకు దిక్కు దొరకదు. ఆ తెలివి ప్రతిరూపమునుండి వచ్చినదే.

భాషాచరిత్రము

తృతీయోదాహరణము మన పరిశోధనకు మిక్కిలి దగ్గఱిది. ఒక శాస్త్రమునఁ బుట్టిన గణితము మఱియొకదానిలోనికిఁ బోవునపుడు ఉపాధి యెట్లు వెంటఁబోవునో యిందుఁ దెలియును. రేడియోధార్మికపదార్థము నియతవేగమునఁ దఱుగును. కర్బనము 14 అనునది సుమారు 5730 ఏండ్లకు సగమగును. 1949 ప్రాంతమున విల్లర్డు లిబ్బీ మున్నగువారు దీనిచేఁ బ్రాచీనవస్తువుల వయస్సును నిర్ణయించిరి. తరువాత మారిస్ స్వాడెష్ అను భాషావేత్త, మూలపదములును నట్లే నియతవేగమున మాఱునని ప్రతిపాదించెను. అవయవములు, నీరు, నిప్పు మొదలగు నూఱు సామాన్యార్థములను గైకొన్నచో, వేయేండ్లకు నూటికి సుమారు 86 పదములు నిలుచునని యతని లెక్క. అట్లయిన వేయేండ్ల క్రిందట విడిపోయిన రెండు భాషలయందు నూటికి 74 పదములు, రెండువేల యేండ్ల క్రిందట విడిపోయినవానియందు 55 పదములు సమానముగా నుండవలయును.

లెక్క సులభము, ఫలము మనోహరము. ఐనను 1962లో బెర్గ్స్‌లండ్, ఫోగ్ట్ అను పండితులు దీనిని దెలిసిన చరిత్రముతోఁ బరీక్షించిరి. ప్రాచీననార్సుభాషనుండి పుట్టిన ఐస్లాండుభాష వేయేండ్లలో మిక్కిలి కొంచెముగాను, నార్వేదేశపు గ్రంథభాష చాల యెక్కువగాను మాఱినట్లు తేలెను. కర్బనమునకు వాఙ్మయము లేదు, పొరుగువారు లేరు, పాలకులు లేరు. భాషకివన్నియుఁ గలవు. వేగము స్థిరమనుట పదార్థశాస్త్రమున నియమమే. భాషాశాస్త్రమునకు వచ్చునప్పటికి నది నిరూపింపని యుపాధి.

దీనివలన భాషాచరిత్రమున గణితమునకుఁ దావులేదని తలంపరాదు. తమిళమున ఇరణ్డు, ఉరల్ అనునవి తెలుఁగున రెండు, రోలు అగుట విద్వాంసు లెఱిఁగినదే. పదమధ్యమునందలి వర్ణము ముందునకు జరుగు నీ మార్పు దక్షిణమధ్యద్రావిడభాషలలో అన్ని పదములందు నొక్కసారిగా రాక, పదముపదముగా వ్యాపించుచున్నది. దీని నాధారముగాఁ గొని భద్రిరాజు కృష్ణమూర్తిగారు లింకన్ మోసెస్, డగ్లస్ డాన్ఫర్తు అను గణాంకశాస్త్రజ్ఞులతోఁ గూడి 1983లో నొక వ్యాసమును బ్రకటించిరి. గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ అను నాఱుభాషలకు ద్విశాఖావృక్షములు 945 విధములుగా సాధ్యములు. ఏ వృక్షమును గైకొన్నచో మార్పులు అతిస్వల్పసంఖ్యలో జరిగినట్లు చెప్పవచ్చునో కంప్యూటరుచే గణింపఁజేసిరి. వచ్చిన ఫలము సంప్రదాయసిద్ధమగు తులనాత్మకపద్ధతిచే ముందే నిర్ణయింపఁబడిన విభాగముతో ఏకీభవించినది. ఇందు వేగము స్థిరమను నంగీకారము లేదు; ఫలమును సరిచూచుటకు స్వతంత్రమైన మఱియొక మార్గమున్నది. ఈ రెండును బ్రతిరూపమునకు గొప్ప గుణములు.

2018లో విష్ణుప్రియ కోలిపాకం మొదలగు పరిశోధకులు ఇరువది ద్రావిడభాషల మూలపదములను గైకొని, మార్పువేగము శాఖశాఖకు భేదింపవచ్చునను ప్రతిరూపములను గూడఁ బరీక్షించి, ద్రావిడకుటుంబము సుమారు 4500 ఏండ్ల నాఁటిదని నిరూపింప యత్నించిరి. ఈ సంఖ్యను జదువునపుడు రెండు విషయములు జ్ఞప్తియం దుంచుకొనవలయును. ఇట్టి గణనయందు నడిమిసంఖ్యకంటె దాని కిరువైపుల నుండు నవధి ముఖ్యము. ఆ యవధి శతాబ్దములను మించి యుండును. మఱియు నది కుటుంబము శాఖలుగా విడివడ నారంభించిన కాలమే కాని తెలుఁగుభాషయొక్క వయస్సు గాదు. అవధిని విడిచి యంకమును మాత్రము చాటి, దానిని తమ భాషయొక్క ప్రాచీనతకు సాక్ష్యముగాఁ జూపుట ప్రతిరూపకర్తల తప్పు గాదు, చదువువారి తప్పు.

పరీక్షాక్రమము

పై యుదాహరణములనుండి పరీక్షాక్రమ మొకటి యేర్పడుచున్నది. ప్రతిరూపమును జూచువారు నాలుగు ప్రశ్నలు వేయవలయును. అందు విడువఁబడినవి యేవి? మాఱవని యంగీకరింపఁబడిన రాశులేవి? ఆరంభమునఁ గైకొన్న విలువలను ఎవరు, ఎట్లు కొలిచిరి? నిర్మాణమున నుపయోగింపని విషయముతో దానిని సరిచూచిరా? ఈ ప్రశ్నలకు సమాధానము నొసఁగు ప్రతిరూపము తప్పినను నుపయుక్తమే; ఎందుకనఁగా నెచ్చటఁ దప్పెనో చూపును. సమాధానము నొసఁగనిది సరిపోయినను నమ్మఁదగినది గాదు. అది సరిపోవుటకుఁ గారణము మనకుఁ దెలియదు.

నేఁటి కంప్యూటరులు లక్షలకొలఁది రాశులను దమయంతఁ దాము సర్దుకొను ప్రతిరూపములను గూడ నిర్మించుచున్నవి. వానియందు ఉపాధి మఱింత లోతున నుండును. నిర్మించినవారికే యది సులభముగాఁ గానరాదు. అట్టివానికి నాలుగవప్రశ్న తక్కిన మూఁటికంటె ముఖ్యమగుచున్నది. పాఠశాలలయందు గణితమును బోధించువారు లెక్కను సాధించు విధముతోఁ బాటు, ఆ లెక్క యే నియమములయందుఁ జెల్లునో కూడ బాలురచేఁ జెప్పించుచున్నచో, తర్కపాఠమును గణితపాఠమును నొక్కచోఁ జెప్పినట్లగును. ఈ విషయమును విజ్ఞులు విచారింతురు గాక.